సీ లో ఫైల్ పాత్‌లు, డిస్క్రిప్టర్లు అన్ని సిస్టమ్స్ మీదా ఆడేలా రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సీ లో సిస్టమ్ కోడ్ రాసేవాళ్ళకి, కొత్తవాళ్ళయినా పాతవాళ్ళయినా, ఇవే డౌట్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. లినక్స్ మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్ మ్యాక్ కో విండోస్ కో తీసుకెళ్ళగానే ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది, తీరా చూస్తే తప్పంతా పాత్ దగ్గరో డిస్క్రిప్టర్ దగ్గరో ఉంటుంది. అందుకే అన్నీ ఒక చోట పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్ళిపోండి, ముందువి చదివి ఉండాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

పాత్ కీ డిస్క్రిప్టర్ కీ తేడా ఏంటి? రెండూ ఫైల్ నే చూపిస్తాయి కదా?

పాత్ అంటే కాగితం మీద రాసుకున్న అడ్రస్, డిస్క్రిప్టర్ అంటే ఆ ఇంట్లోకి వెళ్ళి కూర్చోవడం. మీరు అడ్రస్ పట్టుకుని బయల్దేరేలోపు అక్కడ ఇల్లు మారిపోయి ఉండొచ్చు, లోపల కూర్చున్నవాడికి మాత్రం ఆ సమస్య లేదు. పాత్ ఇచ్చిన ప్రతిసారీ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్య భాగం) ఒక్కో డైరెక్టరీ దాటుకుంటూ, సింబాలిక్ లింకులు (ఇంకో పాత్ ని చూపించే ఫైళ్ళు) విప్పుకుంటూ, పర్మిషన్లు చూసుకుంటూ మళ్ళీ మొదట్నుంచి వెతుకుతుంది, కాబట్టి ఒకే పాత్ రెండుసార్లు ఇస్తే రెండు వేరే ఫైళ్ళు దొరకడం అసాధ్యమేం కాదు. డిస్క్రిప్టర్ మాత్రం ఒక చిన్న పూర్ణాంకం, మీ ప్రాసెస్ కి ఉన్న టేబుల్ లో గడి నంబర్. ఒకసారి తెరిచాక ఫైల్ పేరు మారినా, దాన్ని అన్‌లింక్ చేసినా, మీ నంబర్ ఆ ఫైల్ నే పట్టుకుని ఉంటుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: పాత్ ని ఎంత తొందరగా డిస్క్రిప్టర్ చేసుకుంటే అంత మంచిది, ఆ తర్వాత పనులన్నీ డిస్క్రిప్టర్ మీదే చెయ్యండి. స్టాట్ బదులు ఎఫ్‌స్టాట్, సీహెచ్‌మాడ్ బదులు ఎఫ్‌సీహెచ్‌మాడ్, ట్రంకేట్ బదులు ఎఫ్‌ట్రంకేట్. ఈ ఒక్క అలవాటుతో సగం బగ్గులు పుట్టకుండానే పోతాయి.

ఓపెన్ వాడాలా ఎఫ్‌ఓపెన్ వాడాలా? ఏది పోర్టబుల్?

ఎఫ్‌ఓపెన్ సీ స్టాండర్డ్ లోనే ఉంది, సీ కంపైలర్ తో పాటు మామూలు లైబ్రరీ ఉన్న ప్రతిచోటా దొరుకుతుంది. ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్ ఇవన్నీ పోసిక్స్ (యూనిక్స్ లాంటి సిస్టమ్స్ కి ఉమ్మడి స్టాండర్డ్) వి, 1988 లో వచ్చిన మొదటి పోసిక్స్ నుంచీ ఉన్నాయి, లినక్స్, మ్యాక్, బీఎస్‌డీలు అన్నిట్లో ఒకేలా ఉంటాయి. విండోస్ లో అండర్‌స్కోర్ తో మొదలయ్యే _ఓపెన్, _రీడ్ లాంటివి ఉన్నాయి కానీ అవి పైకి మాత్రమే పోసిక్స్ లా కనిపిస్తాయి, లోపల హ్యాండిల్స్ మీద సీ రన్‌టైమ్ కట్టిన పొర అది. ఫైల్ మొత్తం చదవడం, లైన్ల వారీగా రాయడం లాంటి మామూలు పనికి ఎఫ్‌ఓపెన్ చాలు. లాకులు, పైపులు, ఫోర్క్ (ప్రాసెస్ కి ఇంకో కాపీ పుట్టించడం), పర్మిషన్లు, ఖచ్చితంగా డిస్క్ కి చేరాలి అనే పట్టింపు ఉన్నప్పుడు డిస్క్రిప్టర్లకి వెళ్ళండి.

విండోస్ లో సాకెట్ కూడా డిస్క్రిప్టరే కదా, రీడ్ తో చదివితే ఎందుకు రావట్లేదు?

కాదు. యూనిక్స్ లో ఫైల్, పైపు, సాకెట్ అన్నీ ఒకే టేబుల్ లో నంబర్లు. విండోస్ లో సాకెట్ వేరే టైపు, ఇంట్ కాదు, 64 బిట్ సిస్టమ్ లో 64 బిట్ వెడల్పు ఉంటుంది. దాన్ని రెసీవ్, సెండ్ తోనే వాడాలి, క్లోజ్ బదులు క్లోజ్‌సాకెట్ తో మూయాలి, ఫెయిల్ అయిందా లేదా చూడ్డానికి సున్నాకంటే తక్కువా అని కాకుండా ఇన్‌వాలిడ్_సాకెట్ తో పోల్చాలి. మీ కోడ్ లో సాకెట్ కి ఒక టైపు పేరు, ఫైల్ కి ఒక టైపు పేరు మొదట్నుంచీ విడిగా పెట్టుకోండి, తర్వాత విడగొట్టడం చాలా కష్టం.

## పాత్ కట్టేటప్పుడు

బఫర్ కి పాత్_మ్యాక్స్ సైజ్ ఇస్తే సరిపోతుందా?

చాలామంది రాసేది అదే, కానీ దాన్ని నమ్ముకోవద్దు. లినక్స్ లో పాత్_మ్యాక్స్ 4096, చివరి సున్నా బైటుతో కలిపి. మ్యాక్ లో 1024. విండోస్ లో మ్యాక్స్_పాత్ 260, అందులోనే డ్రైవ్ అక్షరం, కోలన్, చివరి సున్నా అన్నీ వచ్చేస్తాయి. గ్నూ హర్డ్ లో అసలు ఆ మ్యాక్రో నే లేదు, ఎందుకంటే అక్కడ అలాంటి పరిమితి లేదు, లిమిట్ లేకపోతే మ్యాక్రో ని డిఫైన్ చెయ్యకుండా వదిలెయ్యొచ్చని పోసిక్స్ కూడా ఒప్పుకుంటుంది. కాబట్టి ఆ మ్యాక్రో మీద ఆధారపడ్డ కోడ్ అక్కడ కంపైలే అవ్వదు.

ఇంకో సంగతి, లినక్స్ లో 4096 అనేది ఒక సిస్టమ్ కాల్ కి ఒకేసారి ఇవ్వగలిగే పాత్ పొడవు మాత్రమే, డిస్క్ మీద ఉండగలిగే లోతు కాదు. ఒక డైరెక్టరీలోకి దిగి అక్కణ్ణుంచి ఇంకో డైరెక్టరీ చేసుకుంటూ పోతే అంతకంటే లోతుగా వెళ్ళొచ్చు, అప్పుడు పూర్తి పాత్ ఏ ఫిక్స్‌డ్ బఫర్ లోనూ పట్టదు. పద్ధతి ఏంటంటే కావాల్సిన పొడవు లెక్కేసి మాలాక్ చేసుకోవడం. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ కి నల్ పాయింటర్, సున్నా సైజ్ ఇస్తే ఎంత కావాలో అదే చెప్తుంది, దానికి ఒకటి కలిపి తీసుకోండి. ఫిక్స్‌డ్ బఫరే వాడతామంటే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చిన నంబర్ బఫర్ సైజ్ కంటే తక్కువ ఉందో లేదో తప్పకుండా చూడండి, కత్తిరించిన పాత్ అంటే వేరే ఫైల్ పేరు, ఆ వేరే ఫైల్ నిజంగానే ఉంటే దాన్ని మీరే చెరిపేస్తారు.

స్లాష్ వాడాలా బ్యాక్‌స్లాష్ వాడాలా?

స్లాష్ వాడండి. విండోస్ ఫైల్ ఏపీఐలు / ని కూడా సెపరేటర్ గానే తీసుకుంటాయి. రెండు చోట్ల మాత్రం ఇబ్బంది: \\?\ తో మొదలయ్యే పొడుగు పాత్‌లలో బ్యాక్‌స్లాషే ఉండాలి, ఎందుకంటే ఆ ముందుమాట ఉంటే విండోస్ పాత్ ని సరిచెయ్యకుండా ఉన్నదున్నట్టు పంపిస్తుంది. రెండోది, కమాండ్ లైన్ కి పాత్ పంపేటప్పుడు, అక్కడ / ని చాలా ప్రోగ్రాములు ఆప్షన్ అనుకుంటాయి. యూజర్ ఇచ్చిన పాత్ ని విండోస్ మీద విడగొట్టేటప్పుడు మాత్రం రెండిటినీ సెపరేటర్లు గానే చూడాలి. యూనిక్స్ మీద అలా చెయ్యకూడదు, అక్కడ బ్యాక్‌స్లాష్ ఫైల్ పేరులో ఉండదగిన మామూలు అక్షరం. ఎన్విరాన్‌మెంట్ లో డైరెక్టరీల జాబితా విడగొట్టేటప్పుడు యూనిక్స్ లో కోలన్, విండోస్ లో సెమీకోలన్, ఇదీ గుర్తుంచుకోండి.

పాత్ మొదట్లో / ఉంటే అబ్సల్యూట్, లేకపోతే రిలేటివ్, ఇంతేగా?

యూనిక్స్ లో అంతే. విండోస్ లో నాలుగు రకాలు. సి:\డేటా అబ్సల్యూట్. సి:డేటా అంటే సి డ్రైవ్ లో ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ నుంచి మొదలు, కాబట్టి రిలేటివ్. \డేటా అంటే ప్రస్తుత డ్రైవ్ లో పైన్నుంచి. రెండు బ్యాక్‌స్లాష్ లతో మొదలైతే నెట్‌వర్క్ షేర్. యూనిక్స్ లో కూడా సరిగ్గా రెండు స్లాష్ లతో మొదలయ్యే పాత్ కి అర్థం ఇంప్లిమెంటేషన్ ఇష్టమని పోసిక్స్ వదిలేసింది, సిగ్‌విన్ దాన్ని నెట్‌వర్క్ షేర్ కి వాడుకుంటుంది కూడా. అంచేత రెండు ముక్కలు కలిపేటప్పుడు ముందు ఇంకో స్లాష్ పడకుండా చూసుకోండి.

డాట్ డాట్ లని నేనే స్ట్రింగ్ లోంచి తీసేసి పాత్ ని శుభ్రం చెయ్యొచ్చా?

చెయ్యకండి, సింబాలిక్ లింకులు ఉన్నచోట అది తప్పు ఫైల్ కి తీసుకెళ్తుంది. ఏ/లింక్/.. అనే పాత్ ని స్ట్రింగ్ గా చూస్తే ఏ అనిపిస్తుంది, కానీ ఆ లింక్ ఇంకెక్కడో ఉన్న డైరెక్టరీని చూపిస్తుంటే .. అనేది ఆ డైరెక్టరీకి పైది అవుతుంది. నిజమైన పాత్ కావాలంటే రియల్‌పాత్ కి రెండో ఆర్గ్యుమెంట్ గా నల్ ఇవ్వండి, 2008 పోసిక్స్ నుంచి అది తనే మెమరీ తీసుకుని ఇస్తుంది, వాడాక మీరు ఫ్రీ చెయ్యాలి. ఫైల్ ఇంకా లేకపోతే రియల్‌పాత్ ఫెయిల్ అవుతుంది, అప్పుడు దాని పై డైరెక్టరీకి రియల్‌పాత్ చేసి పేరు వెనక అతికించుకోండి. విండోస్ లో _ఫుల్‌పాత్ ఉంది కానీ అది లింకుల్ని విప్పదు, స్ట్రింగ్ పనే చేస్తుంది.

యూజర్ ఇచ్చిన పాత్ నా డైరెక్టరీ దాటి బయటికి పోకుండా ఎలా ఆపాలి?

స్ట్రింగ్ లో .. ఉందా అని వెతకడం ఒక్కటే సరిపోదు, మధ్యలో ఒక లింక్ ఉంటే చాలు బయటికి పోవడానికి. రియల్‌పాత్ చేసి ముందు భాగం పోల్చడం కొంత నయం, కానీ మీరు పోల్చాక తెరిచేలోపు ఎవరైనా లింక్ మార్చొచ్చు. పోసిక్స్ లో గట్టి పద్ధతి ఏంటంటే మీ డైరెక్టరీని ఒకసారి డిస్క్రిప్టర్ గా తెరిచి, ఓపెన్‌ఎట్ తో ఒక్కో ముక్క ఓ_నోఫాలో (లింక్ అయితే తెరవొద్దు), ఓ_డైరెక్టరీ (డైరెక్టరీ అయితేనే తెరువు) ఫ్లాగులతో దిగుకుంటూ వెళ్ళడం, చివరి ముక్క ఫైల్ అయితే దానికి ఓ_డైరెక్టరీ ఇవ్వకపోవడం, .. వచ్చిన ముక్కని ఒప్పుకోకపోవడం. లినక్స్ 5.6 నుంచి ఓపెన్‌ఎట్2 లో రిజాల్వ్_బినీత్ అని ఇస్తే ఇదంతా కెర్నెలే చూసుకుంటుంది. అది లేని చోటికి ముక్కలవారీ పద్ధతి వెనకాల పెట్టుకోండి.

తెలుగులో పేరున్న ఫైల్ తెరవాలంటే ఏం చెయ్యాలి?

యూనిక్స్ కెర్నెల్ కి ఫైల్ పేరు అంటే బైట్ల వరస, అంతే. స్లాష్, సున్నా బైటు ఈ రెండూ తప్ప ఏదైనా ఉండొచ్చు, అది యూటీఎఫ్-8 అవ్వాలన్న రూలు కూడా లేదు. కాబట్టి డైరెక్టరీ నుంచి వచ్చిన పేరుని మార్చకుండా అలాగే ఓపెన్ కి ఇచ్చెయ్యండి, స్క్రీన్ మీద చూపించడానికి మాత్రమే డీకోడ్ చెయ్యండి.

ఇక్కడ మనకి పనికొచ్చే లెక్క ఒకటుంది. లినక్స్ లో ఒక పేరుకి గరిష్ఠంగా 255 బైట్లు. తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8 లో 3 బైట్లు, అంటే 85 కోడ్‌పాయింట్లే పడతాయి. గుణింతాలు, ఒత్తులు, పొల్లు విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి కంటికి కనిపించే అక్షరాలు ఇంకా తక్కువ, క్ష్మి అనే ఒక్క అక్షరమే ఆరు కోడ్‌పాయింట్లు, 18 బైట్లు. తెలుగు టైటిల్ తోనే ఫైల్ పేరు పెట్టే ప్రోగ్రాములు ఈ లిమిట్ కి ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి, కత్తిరించాల్సి వస్తే ఒక అక్షరం బైట్ల మధ్యలో కాకుండా అక్షరం అంచున కత్తిరించండి.

మ్యాక్ లో ఇంకో మెలిక. ఐత్వం గుర్తు ై యూనికోడ్ లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే కోడ్‌పాయింట్ గా, లేదా ఎత్వం ె కి కింది గుర్తు కలిపి రెండుగా. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లని విడదీసి దాచేది, కాబట్టి ఫైలు అనే పేరుతో చేసిన ఫైల్ ని డైరెక్టరీ చదివి స్ట్రింగ్ తో పోలిస్తే సమానం కాదని వచ్చేది, చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే. పోల్చాల్సి వస్తే రెండు వైపులా ఒకే నార్మలైజేషన్ చేసి పోల్చండి.

విండోస్ లో లోపల అంతా యూటీఎఫ్-16. మామూలు ఎఫ్‌ఓపెన్ కి ఇచ్చిన పేరుని అది అప్పటి కోడ్ పేజీ ప్రకారం అర్థం చేసుకుంటుంది, తెలుగు అందులో లేకపోతే ఫైల్ దొరకదు. యూటీఎఫ్-8 ని వైడ్ స్ట్రింగ్ గా మార్చి _డబ్ల్యూఎఫ్‌ఓపెన్ కి ఇవ్వడం ఎప్పటికీ నడిచే దారి. విండోస్ 10 1903 వెర్షన్ నుంచి ప్రోగ్రామ్ మానిఫెస్ట్ లో కోడ్ పేజీని యూటీఎఫ్-8 అని ప్రకటించుకునే వీలుంది, పాతవి సపోర్ట్ చెయ్యక్కర్లేకపోతే అది తేలిక.

అన్ని సిస్టమ్స్ లో చెల్లే ఫైల్ పేరు ఎలా ఉండాలి?

ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్ ఇంతవరకే పోసిక్స్ పోర్టబుల్ అంటుంది, మొదటి అక్షరం హైఫన్ కాకూడదు. విండోస్ లో < > : " / \ | ? * ఒప్పుకోదు, చివర చుక్క గానీ స్పేస్ గానీ ఉంటే మాయం చేసేస్తుంది, కాన్, ప్రన్, ఆక్స్, నల్, కామ్1 లాంటి పాత డివైజ్ పేర్లు కూడా ఫైల్ కి పెట్టనివ్వదు. పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడా ఒక్కటే ఉన్న రెండు పేర్లు ఎప్పుడూ పెట్టకండి, విండోస్ లోనూ మ్యాక్ లోనూ మామూలు సెట్టింగ్ లో అవి ఒకే ఫైల్.

టిల్డ తో మొదలయ్యే పాత్ ఓపెన్ కి ఇస్తే ఫైల్ లేదంటోంది, ఎందుకు?

~ ని విప్పేది షెల్, కెర్నెల్ కాదు. కాన్ఫిగ్ ఫైల్ లోంచి చదివిన పాత్ ని షెల్ ముట్టుకోదు కాబట్టి మీరే హోమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసి, అది లేకపోతే గెట్‌పీడబ్ల్యూయూఐడీ తో తీసుకుని అతికించాలి.

నా ప్రోగ్రామ్ ఏ డైరెక్టరీలో ఉందో ఎలా కనుక్కోవాలి?

ఆర్గ్‌వీ లో సున్నా స్థానం నమ్మొద్దు, దాన్లో ఏం పెట్టాలో మిమ్మల్ని నడిపించిన ప్రోగ్రామ్ ఇష్టం. లినక్స్ లో /ప్రాక్/సెల్ఫ్/ఎగ్జీ అనే లింక్ ని రీడ్‌లింక్ తో చదవాలి, మ్యాక్ లో _ఎన్‌ఎస్‌గెట్‌ఎగ్జిక్యూటబుల్‌పాత్, విండోస్ లో గెట్‌మాడ్యూల్‌ఫైల్‌నేమ్. రీడ్‌లింక్ చివర సున్నా బైటు పెట్టదు, అది మీరే పెట్టుకోవాలి. ఆ లింక్ కి ఎల్‌స్టాట్ లో సైజ్ సున్నా అనే వస్తుంది, కాబట్టి బఫర్ నిండా వస్తే ఇంకా పెద్ద బఫర్ తో మళ్ళీ చదవడమే దారి. డేటా ఫైళ్ళు ఎక్కడున్నాయో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే తేల్చేయగలిగితే ఈ తంటానే ఉండదు.

## తెరిచేటప్పుడు

తెరిచే ముందు యాక్సెస్ తో చెక్ చేసుకోవడం మంచిదేగా?

మంచిది కాదు. చెక్ చేసిన క్షణానికి, తెరిచిన క్షణానికి మధ్య ఎవరైనా ఆ పేరుని వేరే ఫైల్ కి మార్చెయ్యొచ్చు, సెక్యూరిటీ రంధ్రాలు ఎన్నో ఇలా వచ్చినవే. పైగా యాక్సెస్ రియల్ యూజర్ ఐడీ తో చూస్తుంది, ఓపెన్ ఎఫెక్టివ్ ఐడీ తో చూస్తుంది, సెట్‌యూఐడీ ప్రోగ్రామ్ (నడిపించినవాళ్ళ హక్కులతో కాక ఫైల్ యజమాని హక్కులతో నడిచేది) లో రెండూ వేరే జవాబులు ఇస్తాయి. నేరుగా తెరవండి, ఫెయిల్ అయితే ఎర్నో (చివరి ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్) చూడండి. మామూలు ఫైలేనా అని తెలియాలంటే తెరిచాక ఎఫ్‌స్టాట్ చెయ్యండి. ఫైల్ లేకపోతేనే కొత్తగా చెయ్యాలి అంటే ఓ_క్రియాట్ తో ఓ_ఎక్సెల్ కలిపి ఇవ్వండి, చెక్ చెయ్యడం, ఫైల్ తయారు చెయ్యడం రెండూ ఒకే అడుగులో అయిపోతాయి. ఎఫ్‌ఓపెన్ లో కావాలంటే సీ11 నుంచి ఎక్స్ మోడ్ ఉంది.

ఫైల్ చేశాను, పర్మిషన్లు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి?

ఓ_క్రియాట్ ఇచ్చి మూడో ఆర్గ్యుమెంట్ మర్చిపోయారు. ఓపెన్ వేరియాడిక్ ఫంక్షన్ కాబట్టి కంపైలర్ ఊరుకోవచ్చు, అప్పుడు స్టాక్ లోనో రిజిస్టర్ లోనో ఉన్న చెత్త పర్మిషన్ అవుతుంది. ఇచ్చినా కూడా యూమాస్క్ అందులోంచి కొన్ని బిట్లు తీసేస్తుంది, 0666 ఇస్తే 022 యూమాస్క్ తో 0644 వస్తుంది.

ఓపెన్ సున్నా ఇచ్చింది, అంటే ఫెయిల్ అయినట్టా?

కాదు, సున్నా సరైన డిస్క్రిప్టరే. ఫెయిల్ అంటే -1 మాత్రమే. సున్నా కంటే పెద్దదా అని చూసే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది, అది తప్పు. ఓపెన్ ఎప్పుడూ ఖాళీగా ఉన్న అతి చిన్న నంబర్ ఇస్తుంది, మీ ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పటికే స్టాండర్డ్ ఇన్‌పుట్ మూసేసి ఉంటే మొదట తెరిచిన ఫైల్ కి సున్నా వస్తుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే 1, 2 (స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్) కూడా మూసి ఉంటే మీ డేటాబేస్ ఫైల్ కి 2 వచ్చి, ఎక్కడో లైబ్రరీ పీఎర్రర్ తో రాసిన ఎర్రర్ మెసేజ్ నేరుగా ఆ డేటాబేస్ లోకి పోతుంది. డీమన్లు (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రాములు), సెట్‌యూఐడీ ప్రోగ్రాములు రాసేవాళ్ళు మెయిన్ మొదట్లోనే 0, 1, 2 తెరిచి ఉన్నాయో లేదో ఎఫ్‌సీఎన్‌టీఎల్ తో చూసుకుని, లేనివాటికి /డెవ్/నల్ తెరిచి పెట్టుకోవాలి.

విండోస్ లో బైనరీ ఫైల్ మధ్యలోనే అయిపోతోంది?

టెక్స్ట్ మోడ్ లో తెరిచారు. విండోస్ సీ రన్‌టైమ్ టెక్స్ట్ మోడ్ లో క్యారేజ్ రిటర్న్ న్యూలైన్ జంటని ఒక న్యూలైన్ చేస్తుంది, 26 విలువ ఉన్న బైటు అంటే కంట్రోల్-జెడ్ కనిపిస్తే ఫైల్ అయిపోయిందనుకుంటుంది. ఎఫ్‌ఓపెన్ మోడ్ లో బి పెట్టండి, _ఓపెన్ అయితే _ఓ_బైనరీ. పోసిక్స్ లో ఆ బి కి ఏ ప్రభావమూ లేదు కాబట్టి అన్నిచోట్లా పెట్టేసినా నష్టం లేదు.

టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అని వస్తోంది, లిమిట్ పెంచేస్తే అయిపోతుందా?

ముందు ఎర్నో చూడండి. ఈఎమ్‌ఫైల్ అంటే మీ ప్రాసెస్ లిమిట్ నిండింది, ఈఎన్‌ఫైల్ అంటే సిస్టమ్ మొత్తానిది నిండింది. లినక్స్ లో సాఫ్ట్ లిమిట్ మామూలుగా 1024, మ్యాక్ లో 256, అందుకే లీక్ ఉంటే మ్యాక్ లో ముందు బయటపడుతుంది. లినక్స్ లో /ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీ డైరెక్టరీ చూస్తే ఏవేం తెరిచి ఉన్నాయో కనిపిస్తుంది, ఒకే ఫైల్ పదే పదే ఉంటే అది లీక్, లిమిట్ పెంచినా రేపు మళ్ళీ వస్తుంది. నిజంగానే అన్ని కనెక్షన్లు కావాలంటే సెట్‌ఆర్‌లిమిట్ తో పెంచండి, కానీ కోడ్ లో సెలెక్ట్ (చాలా డిస్క్రిప్టర్ల మీద ఒకేసారి ఎదురుచూసే కాల్) ఉంటే ముందు దాన్ని తీసెయ్యండి. సెలెక్ట్ కి యూనిక్స్ లో ఎఫ్‌డీ_సెట్‌సైజ్, మామూలుగా 1024, ఆ నంబర్ గానీ అంతకు మించింది గానీ ఇస్తే పక్క మెమరీ పాడైపోతుంది, ఎర్రర్ కూడా రాదు. పోల్ కి ఆ బాధ లేదు.

## చదివేటప్పుడు, రాసేటప్పుడు

రైట్ కి ఇచ్చినన్ని బైట్లు రాయలేదు, బగ్గా?

కాదు, రూలే అంత. పైపుకో సాకెట్ కో రాస్తుంటే, డిస్క్ నిండిపోతుంటే, మధ్యలో సిగ్నల్ వస్తే కొంతే రాసి అంతవరకు లెక్క చెప్తుంది. లినక్స్ లో ఒక్క కాల్ లో ఎంత పెద్దదిచ్చినా 2,147,479,552 బైట్లు దాటదు. కాబట్టి రీడ్ కీ రైట్ కీ ఒక్కో చిన్న లూప్ ఫంక్షన్ రాసి పెట్టుకోండి, తిరిగొచ్చిన దాన్ని ఎస్‌సైజ్_టీ లో తీసుకోండి, -1 వచ్చి ఎర్నో ఈఇంటర్ (సిగ్నల్ వచ్చి మధ్యలో ఆగింది) అయితే మళ్ళీ ప్రయత్నించండి, రీడ్ లో సున్నా వస్తే ఫైల్ అయిపోయినట్టు. ఎర్నో ని మధ్యలో ప్రింట్‌ఎఫ్ లాంటిది పిలవకముందే ఒక వేరియబుల్ లో దాచుకోండి, లేకపోతే అది మారిపోయి వేరే ఎర్రర్ చూపిస్తుంది.

2 జీబీ దాటిన ఫైళ్ళలో సీక్ పనిచెయ్యట్లేదు?

32 బిట్ లినక్స్ లో ఆఫ్_టీ మామూలుగా 32 బిట్లే, ఏ హెడర్ కంటే ముందే _ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్ ని 64 గా డిఫైన్ చెయ్యాలి, అదీ ప్రాజెక్ట్ మొత్తానికి ఒకేలా. ఒక ఫైల్ లో ఉండి ఇంకో ఫైల్ లో లేకపోతే స్ట్రక్చర్ సైజులు తేడా వచ్చి ఇంకా దారుణంగా ఉంటుంది. విండోస్ లో 64 బిట్ బిల్డ్ అయినా లాంగ్ 32 బిట్లే, అక్కడ _ఎఫ్‌సీక్‌ఐ64, _ఎఫ్‌టెల్‌ఐ64 వాడాలి. ప్రింట్ చేసేటప్పుడు ఇంట్‌మ్యాక్స్_టీ కి క్యాస్ట్ చేస్తే అన్నిచోట్లా ఒకే ఫార్మాట్ నడుస్తుంది.

ఎఫ్‌డీఓపెన్ చేశాక డిస్క్రిప్టర్ ని విడిగా క్లోజ్ చెయ్యాలా?

వద్దు. ఎఫ్‌క్లోజ్ దాన్ని కూడా మూసేస్తుంది. రెండూ చేస్తే రెండో క్లోజ్ జరిగేలోపు ఇంకో థ్రెడ్ కి అదే నంబర్ వచ్చి ఉండొచ్చు, అప్పుడు మీరు మూసేది వాళ్ళ ఫైల్. ఇలాంటి బగ్ దొరకడం నరకం, తప్పు జరిగిన చోట ఏమీ కనిపించదు, ఎక్కడో సంబంధం లేని చోట పేలుతుంది. ప్రతి డిస్క్రిప్టర్ కీ ఒక్క యజమాని ఉండాలి, మూశాక వేరియబుల్ లో -1 పెట్టెయ్యండి.

నా ప్రోగ్రామ్ ఆగిపోయాక టెర్మినల్ వింతగా ప్రవర్తిస్తోంది?

స్టాండర్డ్ ఇన్‌పుట్ మీద ఓ_నాన్‌బ్లాక్ పెట్టి ఉంటారు. డేటా లేకపోయినా ఆగకుండా తిరిగొచ్చెయ్యమనే ఆ ఫ్లాగ్ ఉండేది మీ నంబర్ లో కాదు, దాని వెనకున్న ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ (తెరిచిన ఫైల్ గురించి కెర్నెల్ పెట్టుకునే రికార్డు) లో, దాన్ని షెల్ కూడా పంచుకుంటోంది. బయటికొచ్చే ముందు పాత ఫ్లాగులు తిరిగి పెట్టండి, లేదా పోల్ తో పని కానివ్వండి. డప్ చేసిన, ఫోర్క్ తో వచ్చిన డిస్క్రిప్టర్లు ఆఫ్‌సెట్ ని కూడా ఇలాగే పంచుకుంటాయి.

## ఫోర్క్, ఎగ్జెక్ దగ్గర

ప్రతి ఓపెన్ లోనూ ఓ_క్లోఎగ్జెక్ పెట్టాలా?

పెట్టండి, కారణం లేకుండా మానకండి. ఎగ్జెక్ తో ఇంకో ప్రోగ్రామ్ మొదలవగానే ఆ డిస్క్రిప్టర్ ని మూసెయ్యమని చెప్పే ఫ్లాగ్ అది. పెట్టకపోతే మీరు నడిపించిన ప్రతి పిల్ల ప్రోగ్రామ్ కి మీ ఫైళ్ళు, సాకెట్లు అన్నీ వారసత్వంగా పోతాయి. పైపు అవతలి చివర మూసినా ఇటువైపు ఫైల్ అయిపోయినట్టు రాదు, ఎందుకంటే పిల్ల దగ్గర ఇంకో కాపీ తెరిచే ఉంది. సర్వర్ రీస్టార్ట్ చేస్తే పోర్ట్ వాడుకలో ఉందంటుంది. తెరిచాక ఎఫ్‌సీఎన్‌టీఎల్ తో ఆ ఫ్లాగ్ పెట్టడం థ్రెడ్లు ఉన్నచోట చాలదు, ఆ రెండు కాల్స్ మధ్యలో ఇంకో థ్రెడ్ ఫోర్క్ చెయ్యొచ్చు. ఓ_క్లోఎగ్జెక్ లినక్స్ 2.6.23 లో వచ్చింది, 2008 పోసిక్స్ లో చేరింది. పైప్2, డప్3, యాక్సెప్ట్4 చాలాకాలం ఎక్స్‌టెన్షన్లుగానే ఉండి 2024 పోసిక్స్ లో చేరాయి, మ్యాక్ లో పైప్2 దొరక్కపోవచ్చు కాబట్టి బిల్డ్ టైమ్ లో చెక్ పెట్టుకోండి. విండోస్ _ఓపెన్ లో దీనికి సమానం _ఓ_నోఇన్‌హెరిట్.

పిల్లకి నిజంగా ఇవ్వాల్సిన వాటిని డప్2 తో 0, 1, 2 కి తెచ్చుకుంటే కొత్త కాపీలో ఆ ఫ్లాగ్ ఉండదు. ఒక్క గుంట: పాత నంబర్, కొత్త నంబర్ ఒకటే అయితే డప్2 ఏమీ చెయ్యదు, ఫ్లాగ్ అలాగే ఉండిపోయి ఎగ్జెక్ లో మూసుకుపోతుంది. ఆ సందర్భంలో మీరే ఫ్లాగ్ తీసెయ్యాలి.

మిగిలిన డిస్క్రిప్టర్లన్నీ ఒకేసారి మూసెయ్యడం ఎలా?

లినక్స్ 5.9 నుంచి క్లోజ్_రేంజ్ ఉంది. బీఎస్‌డీలు, సొలారిస్ లో క్లోజ్‌ఫ్రమ్ చాలాకాలంగా ఉంది, గ్లిబ్‌సీ కి (లినక్స్ లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) 2.34 లో వచ్చింది. అవి లేకపోతే 3 నుంచి సిస్‌కాన్ఫ్ చెప్పిన గరిష్ఠం దాకా లూప్ తిప్పడమే, లిమిట్ లక్షల్లో ఉన్న కంటైనర్లలో ఇది బాగా నెమ్మది.

## మూసేటప్పుడు, పేరు మార్చేటప్పుడు

క్లోజ్ ఈఇంటర్ ఇస్తే మళ్ళీ క్లోజ్ చెయ్యాలా?

లినక్స్ లో చెయ్యకూడదు. అక్కడ ఎర్రర్ ఏదొచ్చినా నంబర్ అప్పటికే వదిలేసి ఉంటుంది, మళ్ళీ మూస్తే అదే నంబర్ అందుకున్న ఇంకో థ్రెడ్ ఫైల్ మూస్తారు. హెచ్‌పీ-యూఎక్స్ లో దీనికి వ్యతిరేకం, నంబర్ తెరిచే ఉంటుంది. ఈరోజు మీరు వాడే సిస్టమ్స్ కి మళ్ళీ చెయ్యకపోవడమే సరైనది, అరుదుగా ఒక లీక్ వచ్చినా పక్కవాడి ఫైల్ మూసే ప్రమాదం కంటే అది నయం. అలాగని ఎర్రర్ ని పట్టించుకోకుండా ఉండొద్దు, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ లో డిస్క్ నిండిందన్న సంగతి క్లోజ్ దగ్గరే తెలియొచ్చు.

డిస్క్రిప్టర్ నుంచి తిరిగి పాత్ తెచ్చుకోవచ్చా?

పోర్టబుల్ గా లేదు. ఒక ఫైల్ కి రెండు హార్డ్ లింకులు (ఒకే ఫైల్ కి రెండు పేర్లు) ఉంటే ఏ పేరు చెప్పాలి, అన్‌లింక్ అయిపోతే ఏం చెప్పాలి? లినక్స్ లో /ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీ కింద లింక్ చదవొచ్చు, మ్యాక్ లో ఎఫ్‌సీఎన్‌టీఎల్ కి ఎఫ్_గెట్‌పాత్, విండోస్ లో గెట్‌ఫైనల్‌పాత్‌నేమ్‌బైహ్యాండిల్. లాగ్ మెసేజ్ కోసమైతే తెరిచేటప్పుడు వాడిన పేరునే పక్కన దాచుకోండి. రెండు డిస్క్రిప్టర్లు ఒకే ఫైలా కాదా తెలియాలంటే పాత్ అక్కర్లేదు, ఎఫ్‌స్టాట్ ఇచ్చిన డివైజ్ నంబర్, ఐనోడ్ నంబర్ (ఫైల్ సిస్టమ్ లో ఆ ఫైల్ కి ఉండే నంబర్) రెండూ కలిస్తే ఒకటే.

కరెంట్ పోయినా ఫైల్ పాడవకుండా కొత్త కంటెంట్ ఎలా పెట్టాలి?

ఉన్న ఫైల్ ని ట్రంకేట్ చేసి రాయకండి. అదే డైరెక్టరీలో ఎంకేఎస్‌టెంప్ తో తాత్కాలిక ఫైల్ చేసి, అంతా రాసి, ఎఫ్‌సింక్ చేసి, మూసి, అప్పుడు రీనేమ్ చెయ్యండి, ఆ తర్వాత డైరెక్టరీని కూడా తెరిచి దాని మీద ఎఫ్‌సింక్ చెయ్యండి, లేకపోతే కొత్త పేరు డిస్క్ కి చేరిందన్న గ్యారెంటీ లేదు. అదే డైరెక్టరీ అనడానికి కారణం ఉంది, వేరే ఫైల్ సిస్టమ్ అయితే రీనేమ్ ఈఎక్స్‌డెవ్ తో ఫెయిల్ అవుతుంది. మ్యాక్ లో ఎఫ్‌సింక్ డేటాని డ్రైవ్ దాకానే పంపిస్తుంది, డ్రైవ్ లోపలి క్యాష్ కూడా ఖాళీ అవ్వాలంటే ఎఫ్‌సీఎన్‌టీఎల్ కి ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ ఇవ్వాలి.

పోసిక్స్ లో రీనేమ్ పాత ఫైల్ ని ఒక్క అడుగులో మార్చేస్తుంది, చదివేవాళ్ళకి పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా కనిపిస్తుంది, సగం సగం ఎప్పుడూ కాదు. విండోస్ సీ లైబ్రరీ రీనేమ్ మాత్రం ఆ పేరుతో ఫైల్ అప్పటికే ఉంటే ఫెయిల్ అవుతుంది. అక్కడ మూవ్‌ఫైల్‌ఎక్స్ ని రీప్లేస్ ఎగ్జిస్టింగ్ ఫ్లాగ్ తో పిలవాలి, అదీ ఎవరైనా ఆ ఫైల్ ని డిలీట్ షేరింగ్ ఇవ్వకుండా తెరిచి పెట్టుకుంటే ఒప్పుకోదు, యాంటీవైరస్ స్కాన్ చేస్తున్న కాసేపు కూడా ఇలా అవుతుంటుంది, కొద్దిసేపు ఆగి కొన్నిసార్లు ప్రయత్నించే లూప్ పెట్టుకోండి. పాత ఫైల్ ని ముందు డిలీట్ చేసి తర్వాత రీనేమ్ చేస్తే సరిపోతుందని కొందరు రాస్తుంటారు, ఆ రెండు అడుగుల మధ్య కరెంట్ పోతే అసలు పేరు మీద ఏ ఫైలూ మిగలదు.

లాక్ పెట్టాను, దానంతటదే ఊడిపోతోంది?

ఎఫ్‌సీఎన్‌టీఎల్ తో పెట్టే పోసిక్స్ లాక్ ప్రాసెస్ కి సంబంధించింది, డిస్క్రిప్టర్ కి కాదు. అదే ఫైల్ ని మీ ప్రాసెస్ లో ఏ లైబ్రరీ అయినా ఇంకోసారి తెరిచి మూస్తే చాలు, మీ లాక్ అంతా పోతుంది. ఫోర్క్ చేసిన పిల్లకి కూడా అది రాదు. లినక్స్ లో ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ లాకులు 3.15 నుంచి ఉన్నాయి, 2024 పోసిక్స్ లోనూ చేరాయి. అవి దొరకని చోట డేటా ఫైల్ మీద కాకుండా పక్కన విడిగా ఒక లాక్ ఫైల్ పెట్టి, దాన్ని ప్రోగ్రామ్ మొత్తంలో ఒకే చోట తెరిచి, పని అయ్యేదాకా మూయకుండా ఉంచండి.